పోయినవాళ్ల పుట్టినరోజు

 

ఈసారి ఈ చిన్న పుస్తకంలో ఒకే ఒక్క ప్రశ్న గురించి మాట్లాడుకుందాం. ఆ ప్రశ్న నాది కాదు. ఆదోని పక్క ఒక పల్లెలో పున్నమి రోజు బుద్ధ వందన అయిపోయి, అందరం బొరుగులు తింటా కూర్చున్నప్పుడు ఒక తల్లి అడిగింది.

"అన్నా, దీక్ష తీసుకున్నోళ్లం దినాలు చేయకూడదంటిరి. సరే, మానుకుంటిమి. మా పిల్లోడు పోయి రెండేండ్లాయె. వచ్చే నెల వాని పుట్టినరోజు వస్తాంది. అదన్నా చేసుకోవచ్చునా, అది గూడా చేయకూడదా?"

ఆ పిల్లవాడు బెంగుళూరికి కట్టడం పనికి పోయి, కడుతున్న మిద్దె మీద నుంచి పడి చనిపోయినాడు. ఇరవై రెండేండ్లు. మొదటి సంవత్సరం ఆమె ఆదోనికి పోయి కేకు తెచ్చింది. ఫోటో ముందర పెట్టి, తానే కోసి, వీధిలో పిల్లలకు పంచింది. వీధిలో వాళ్లేమో, చచ్చినోనికి పుట్టినరోజు ఏంది, ఇంటికి అరిష్టం అన్నారు. మన ఉపాసకులేమో, ఇది కూడా శ్రాద్ధమే, నువ్వు పేరు మార్చినావు అంతే అన్నారు. రెండు పక్కలా మాటలు పడి ఆమె నన్ను అడిగింది.

నేను ఏం చెప్పినాను? ధమ్మం చెప్పేవాళ్లందరూ చెప్పేదే చెప్పినాను. కిసాగోతమి కథ. బిడ్డ చనిపోతే శవాన్ని భుజాన వేసుకుని ఆమె బుద్ధుని దగ్గరికి వచ్చింది, చావు లేని ఇంటి నుంచి పిడికెడు ఆవాలు తెమ్మని ఆయన పంపినాడు, ఊరంతా తిరిగినా అట్లాంటి ఇల్లు దొరకలేదు, అప్పుడు ఆమెకు అనిత్యం అర్థమయింది. కథ అయిపోయేదాకా ఆ తల్లి నిమ్మళంగా వినింది. విని ఒక్క మాట అనింది:

"ఆ కథ నాకు తెలుసన్నా. ఆయమ్మ ఆవాలు అడగడానికి పోయిన ఇండ్లల్లో ఎవరో ఒకరు కూర్చోమని చెప్పింటారు, తాగడానికి నీళ్లు ఇచ్చింటారు. మా ఇంట్లో గూడా పోయినారమ్మా అని వాళ్ల పేర్లు చెప్పింటారు. నా దగ్గరికి వచ్చి నా కొడుకు పేరు ఎత్తేవాళ్లు ఒక్కరు లేరు."

నా దగ్గర జవాబు లేదు. ఎన్నో ఏండ్లుగా ఆ కథ చెప్తున్నాను, ఆవాలు దొరకలేదనే చెప్తున్నాను. దొరకకపోయినా ఆమె ఎన్ని గడపలు ఎక్కిందో, ఎంతమంది ఆమెతో మాట్లాడినారో నాకు ఎప్పుడూ తట్టలేదు. ఆ రోజు ఆమెకు సగం సగం ఏదో చెప్పి బస్సెక్కి వచ్చేసినాను. చెప్పకుండా మిగిలిన సగమే ఈ పుస్తకం.

ముందు ఆరో ప్రతిజ్ఞ సంగతి చూద్దాం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మంది చేత చేయించిన 22 ప్రతిజ్ఞల్లో ఆరోది ఇదే. శ్రాద్ధం చేయనని, పిండం పెట్టనని. ఎనిమిదోది, బ్రాహ్మణుల చేత ఏ కర్మకాండా చేయించుకోనని. ఈ రెంటినీ ఒకటిగా పట్టుకుని చూడండి. పోయినవాళ్లు ఎక్కడో ఆకలితో ఉంటారు, మనం పెడితేనే వాళ్లకు అన్నం, మధ్యలో మంత్రం చెప్పేవాడు ఉంటేనే ఆ అన్నం వాళ్లకు చేరుతుంది. ఈ మూడు నమ్మకాల మీదనే శ్రాద్ధం నిలబడి ఉంది. మూడింట్లో ఏది తీసేసినా అది కూలిపోతుంది.

మన వాడల్లోకి పురోహితుడు ఎప్పుడూ రాలేదు కదా, మనకెందుకు ఈ ప్రతిజ్ఞ అని ఒకాయన నన్ను అడిగినాడు. పురోహితుడు రాలేదు గానీ ఆయన పద్ధతి మాత్రం వచ్చింది నాయనా! దాసరి వచ్చి శంఖం ఊదినాడు, మూడో రోజు, పదకొండో రోజు, పెద్దదినం అని లెక్క చెప్పినాడు. పొట్టేలు కోయాల, బంధువులకు పెట్టాల, సారాయి పోయాల. పోయినాయనకు వైద్యానికి చేసిన అప్పు ఒకటి, ఆయన దినాలకు చేసిన అప్పు ఒకటి. కర్నూలు, కడప జిల్లాల్లో మన ఇండ్లల్లో ఈ రెండో అప్పు తీర్చడానికి సుగ్గికి పోయినవాళ్లు, గుంటూరు పక్క మిరపకాయల కోతకు పోయినవాళ్లు ఎంతమందో మీకే తెలుసు. ఆరో ప్రతిజ్ఞ ముందు మన మెడ మీద నుంచి దించింది ఆ బరువును.

బుద్ధుడు ఈ మాటను మరీ తేటగా చెప్పినాడు. చనిపోయినవాణ్ని మంత్రాలతో పైకి ఎత్తి స్వర్గానికి పంపగలమని చెప్పుకునే బ్రాహ్మణులు ఉన్నారు, నీవు కూడా పంపగలవా అని ఒక ఊరి పెద్ద ఆయన్ను అడిగినాడు. సంయుత్త నికాయంలో ఉంది ఈ సంగతి. బుద్ధుడు తిరిగి అతన్నే అడిగినాడు: లోతైన మడుగులో పెద్ద బండరాయి వేసి, జనమంతా గట్టు చుట్టూ చేరి చేతులు జోడించి, పైకి తేలు రాయీ అని వేడుకుంటే తేలుతుందా? నేతి కుండను నీళ్లలో పగలగొట్టి, మునిగిపో నెయ్యీ అని వేడుకుంటే మునుగుతుందా? మన కె.సి. కెనాల్ గట్టు మీద ఎవరైనా ఈ పని చేసి చూడొచ్చు. మనిషి బతికినన్నాళ్లు చేసిన పనే అతని బరువు. వెనకాల మనం చదివే మంత్రం ఆ బరువును పెంచదు, తగ్గించదు.

శ్రీలంకలో, థాయిలాండ్‌లో బౌద్ధులు గిన్నెలోకి నీళ్లు వంచి పోయినవాళ్లకు పుణ్యం ధారపోస్తారు గదా, అది మాత్రం శ్రాద్ధం కాదా అని చదువుకున్న పిల్లలు అడుగుతారు. వాళ్ల పద్ధతి వాళ్లది, దాని మీద తగాదా పెట్టుకోవాల్సిన పని మనకు లేదు. మనకు ధమ్మం ఇచ్చింది బాబాసాహెబ్. శరీరం వదిలి ఇంకో శరీరంలో దూరే ఆత్మ ఒకటి ఉందనే మాటను ఆయన బుద్ధుడు-ఆయన ధమ్మం పుస్తకంలో ఒప్పుకోలేదు. తినే ఆత్మే లేనప్పుడు పిండం ఎవరికి?

ఇంతవరకు చెప్పడం సులభం. ఇండ్లల్లో జరిగేది ఇంత సులభంగా ఉండదు. నా ఇంటి సంగతే చెప్తాను.

మా నాయన వెట్టి పని చేసేవాడు. ఊర్లో ఏ కులం ఇంట్లో ఎవరు చనిపోయినా చుట్టుపక్కల పల్లెలకు ఆ కబురు మోసుకుపోవాల్సింది ఆయనే. ఎండ గానీ వాన గానీ, నడిచే పోవాల. కబురు చెప్పి, ఆ ఇంటి బయటే నిలబడి, దోసిట్లో పోసిన నీళ్లు తాగి తిరిగి రావాల. సంవత్సరానికి కళ్లంలో ఇంత మేర కొలిచేవాళ్లు. అట్లాంటి మనిషి పోయినప్పుడు మేము అన్ని దినాలూ చేసినాం, అప్పటికి మాకు ధమ్మం తెలియదు. తర్వాత నేను దీక్ష తీసుకున్నాను. ఆ సంవత్సరం నాయన దినం వచ్చినప్పుడు నేను పెట్టను అన్నాను. మా తమ్ముడు పెడతా అన్నాడు. ఇద్దరం వాకిట్లో నిలబడి అరుచుకున్నాం. మా అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. "ఊరందరి చావు కబురూ మోసినోనికి ఒక ముద్ద పెట్టేవాడు లేకపాయె" అనింది, లోపలికి పోయింది.

నేను ప్రతిజ్ఞ నిలబెట్టుకున్నాను, దానికి నాకు పశ్చాత్తాపం లేదు. అయితే పిండం తీసేసిన చోట నేను ఏమి పెట్టినాను? ఏమీ పెట్టలేదు. పాత పనిని మాన్పించడమే ధమ్మం అనుకున్నాను. మా అమ్మకు ఆ రోజు కావాల్సింది కాకికి ముద్ద కాదని, ఆయన పేరు ఇంట్లో ఒకసారి గట్టిగా పలకడమని నాకు అర్థం అయ్యేసరికి ఆమె కూడా పోయింది.

ఆదోని పక్క ఆ తల్లి అడిగినప్పుడు నాకు మా అమ్మే గుర్తొచ్చింది. దినానికీ పుట్టినరోజుకూ తేడా ఉందా లేదా? ఉంది. దినం తిథిని బట్టి వస్తుంది. తిథి ఏ రోజు వచ్చిందో తెలియాలంటే పంచాంగం చూసేవాణ్ని అడగాలి. గోడ క్యాలెండర్‌లో తిథి ఉంటుంది గదా అంటారు. ఉంటుంది. అదే తిథి రెండు రోజుల మీద పడితే ఏ రోజు పెట్టాలని మళ్లీ ఎవరి ఇంటికి పోతాం? పుట్టినరోజుకు ఈ గొడవ లేదు. జూన్ 20 అంటే జూన్ 20. ఎవరి గడప ముందరా నిలబడాల్సిన పని లేదు. ఇంకొకటి, దినం అనేది చావును గుర్తు పెట్టుకునే రోజు. చావు రోజున మైల ఉంటుంది, భయం ఉంటుంది, సరిగా పెట్టకపోతే పెద్దలు కోపం చేస్తారనే బెదిరింపు ఉంటుంది. పుట్టినరోజున ఎవరూ ఎవరినీ బెదిరించరు.

అయితే పుట్టినరోజు చేసుకోవాలంటే పుట్టినరోజు తెలియాలి గదా! ఇక్కడే మన జాతి కథంతా ఉంది. పెద్దిండ్లల్లో బిడ్డ పుట్టిన ఘడియ కూడా రాసి పెట్టెలో దాచుకునేవాళ్లు. మన అవ్వలు, అబ్బలు ఎప్పుడు పుట్టినారంటే, పెద్ద కరువు వచ్చిన యేడు, హంద్రీకి నీళ్లు పొర్లిన యేడు అంటారు. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు తన ఇష్టం వచ్చిన తేదీ వేసుకున్నాడు. అందుకే మా వాడలో నా ఈడు వాళ్లు పది మందిమి జూలై 1న పుట్టినాం. మా అత్తలు, పెద్దమ్మలు ఆధార్ కార్డులో జనవరి 1న పుట్టినారు. నవ్వుకుంటాం గానీ, పుట్టుక కూడా లెక్కలోకి రాని మనుషులం అని ఆ కార్డు చెప్తోంది. మా నాయనకైతే కార్డు కూడా లేదు. అందరి చావులూ తేదీతో సహా ఆయన నోట్లో ఉండేవి, ఆయన పుట్టుక ఎవరి నోట్లోనూ లేదు.

ఇట్లాంటి జనం ఒక మనిషి పుట్టినరోజును పట్టుకున్నారు. 1891 ఏప్రిల్ 14, మౌ కంటోన్మెంట్. బాబాసాహెబ్ బతికి ఉండగానే, 1928లో పుణెలో జనార్దన్ సదాశివ్ రణపిసే ఆ జయంతిని మొదలు పెట్టినాడని చెప్తారు. అంతకంటే ముందే మన తెలుగు నేల మీద, హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1913లోనే బుద్ధ జయంతి జరిపినాడు. అంటరానివాడు అనిపించుకున్న మనిషి, రెండున్నర వేల ఏండ్ల కింద పుట్టినవాని పుట్టినరోజు చేసినాడు. పోయినవాళ్ల పుట్టినరోజు మనకు కొత్త కాదు, అరిష్టం కాదు. వైశాఖ పున్నమికి మనం చేసేది ఏమిటి మరి? అరిష్టం అనేవాళ్లు శ్రీరామనవమికి పానకం తాగడం లేదా? అది ఎవరి పుట్టినరోజు?

అయితే బాబాసాహెబ్‌కు తన పుట్టినరోజు జరపడం ఇష్టం లేదు. ఈ మాట చెప్తే మన యువకులకు కోపం వస్తుంది, అయినా చెప్పాల్సిందే. 1947లో మద్రాసు నుంచి వచ్చే జై భీమ్ పత్రిక ఆయన పుట్టినరోజుకు ప్రత్యేక సంచిక వేస్తూ సందేశం అడిగింది. నా పుట్టినరోజు జరపడం నాకు నచ్చదు, నేను ప్రజాస్వామ్యం నమ్మినవాణ్ని, మనిషిని పూజించడం నాకు గిట్టదు అనే అర్థంతో ఆయన రాసి పంపినాడు. నాయకుని మీద ప్రేమ, గౌరవం ఉండొచ్చు, ఆరాధన మాత్రం నాయకునికీ చెడుపే, అనుచరులకూ చెడుపే అన్నాడు.

మరి ఆయన ఎవరి పుట్టినరోజుకైనా పోయినాడా? పోయినాడు. అది కూడా పోయినవాని పుట్టినరోజుకే. 1943 జనవరి 18న పుణెలో, మహాదేవ గోవింద రనడే 101వ జయంతి సభకు. రనడే పోయింది 1901లో. అంటే పోయి నలభై రెండేండ్లు అయింది. అప్పుడు బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్‌లో మెంబరు. ఆయన ఆ సభలో దండ వేసి నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపోలేదు. గొప్పవాడు అంటే ఎవరు అని మొదలు పెట్టినాడు. పేరున్న ప్రతివాడూ గొప్పవాడు కాదన్నాడు, సమాజంలో పేరుకుపోయిన మురికిని ఊడ్చేవాడే గొప్పవాడన్నాడు. ఆ కొలత పెట్టి రనడేను కొలిచినాడు. తర్వాత ఆనాటి పెద్ద పెద్ద నాయకులను కూడా అదే కొలతతో కొలిచి, పత్రికల చేత తిట్లు తిన్నాడు. ఇంకొక మాట కూడా అక్కడే చెప్పినాడు. ఒక మనిషిని మెచ్చుకోవడం వేరు, కళ్లు మూసుకుని అతని వెనక పోవడం వేరు అని. మొదటి దాంట్లో తప్పు లేదు, రెండోది మనిషి బుద్ధిని చంపుతుంది.

పోయినవాని పుట్టినరోజుకు ఏమి చేయాలో బాబాసాహెబ్ ఇట్లా చేసి చూపించినాడు. వాడు ఏమి చేసినాడు, ఏమి చేయలేదు అని నిలబెట్టి మాట్లాడుకోవడం. మన జయంతుల్లో ఇది జరుగుతోందా? ఏప్రిల్ 14న నేను కర్నూలులోనూ కడపలోనూ చూసినవి చెప్తాను. విగ్రహానికి పాలాభిషేకం. కొబ్బరికాయ. హారతి పళ్లెం. మూడో ప్రతిజ్ఞలో గౌరీ గణపతులను వద్దన్నవాడిని తెచ్చి గణపతిని చేసినాం. రాత్రికి డీజే, డీజే వెనక సీసా. పదిహేడో ప్రతిజ్ఞ, మత్తు పదార్థాలు ముట్టనని చేసిన ప్రతిజ్ఞ, ఆ ఒక్క రాత్రికి సెలవు మీద పోతుంది. బుద్ధుడు కుశినారలో సాల చెట్ల మధ్య చివరి పడక మీద ఉన్నప్పుడు కాలం కాని కాలంలో పూలు పూసి ఆయన మీద రాలినాయి. అప్పుడు ఆయన ఆనందునితో, తథాగతుని గౌరవించడం అంటే ఇది కాదు, చెప్పిన ధమ్మం ప్రకారం నడిచేవాడే నన్ను గౌరవించినవాడు అన్నాడు. పూలే వద్దన్నవానికి పాలు ఎందుకు? ఆ పాలు బాలింత ఇంటికి పోవాల్సినవి.

అట్లని జయంతి వద్దనే వాళ్లతో నేను కలవను. ఊరి నడి వీధిలో చెప్పులు విడిచి నడిచిన తాత మనవడు అదే వీధిలో బాబాసాహెబ్ పటం పట్టుకుని ఊరేగింపుగా పోతాడు. ఆ ఒక్క రోజుకు ఉన్న విలువ బయటివాళ్లకు తెలియదు. వద్దనేది ఊరేగింపును కాదు, సీసాను.

ఇక ఇంట్లో పోయినవాళ్ల సంగతి. దీనికి అశోకుడు మనకు దారి వేసినాడు. ఆయన పట్టాభిషేకం అయిన ఇరవై ఏండ్లకు బుద్ధుడు పుట్టిన లుంబినికి తానే పోయినాడు. అప్పటికి బుద్ధుడు పోయి వంద ఏండ్లు దాటి ఎంతో కాలమయింది. అక్కడ రాతి కంబం నిలబెట్టి, శాక్యముని ఇక్కడ పుట్టినాడని రాయించినాడు. ఇది అందరూ చెప్పుకునేదే. అదే కంబం మీద కింద ఇంకొక మాట ఉంది, దాన్ని మాత్రం మనం చదవకుండా వదిలేస్తాం. లుంబిని ఊరికి పన్ను తీసేసినాడు, పంటలో రాజుకు కట్టాల్సిన భాగాన్ని ఎనిమిదో వంతుకు తగ్గించినాడు. పుట్టింది బుద్ధుడు, బరువు తగ్గింది ఆ ఊరి రైతులకు. రాతి కంబం బుద్ధునికి ఏమి చేస్తుంది? పన్ను తగ్గితే ఆ ఊర్లో ఆ సంవత్సరం పిల్లలు కడుపునిండా తింటారు.

లుంబిని నేపాల్‌లో ఉంది, మనం పోలేం అనుకోవద్దండి. అశోకుని రాత మన జిల్లాలోనే ఉంది. పత్తికొండ నుంచి గుత్తికి పోయే దారిలో ఎర్రగుడి, జొన్నగిరి పక్కన. తొలకరి వానలు పడితే ఆ చేన్లలో వజ్రాలు దొరుకుతాయని ఎక్కడెక్కడి నుంచో వచ్చి వంగి వెతుకుతుంటారు గదా, ఆ నేలే. చేన్లలో వజ్రం దొరికేది ఎవరో ఒకరికి. గుట్ట మీద బండల మీద రాసినది అందరికీ దొరుకుతుంది, చూసేవాళ్లే తక్కువ. అక్కడ ఉన్న శాసనాల్లో తొమ్మిదో శాసనం వేడుకల గురించే. జబ్బు చేస్తే ఒక వేడుక, పెండ్లికి ఒక వేడుక, బిడ్డ పుడితే ఒక వేడుక, ప్రయాణానికి ఒక వేడుక, జనం రకరకాల మంగళ కార్యాలు చేస్తున్నారు, చేసుకోండి గానీ వాటి వల్ల వచ్చే ఫలం తక్కువ అంటాడు అశోకుడు. ఎక్కువ ఫలం ఇచ్చేది ధమ్మ మంగళం. అంటే ఏమిటి? పని చేసేవాళ్లతో, దాసులతో మంచిగా ఉండడం, గురువులను గౌరవించడం, ప్రాణుల మీద దయ, సాధువులకు దానం. ముఖ్యంగా ఆడవాళ్లు పనికిమాలిన వేడుకలు చేస్తారని కూడా ఆ శాసనంలో ఉంది. ఆ ఒక్క మాట నాకు ఒప్పుదల కాదు. మా వాకిట్లో దినం కోసం అరుచుకున్నది మగవాళ్లమే.

పోయినవాళ్ల పుట్టినరోజుకు ధమ్మ మంగళం ఎట్లా చేయాలంటే, నా మట్టుకు నాకు తోచింది ఇది. పొద్దున ఇల్లు శుభ్రం చేసుకుని, బుద్ధుని పటం, బాబాసాహెబ్ పటం ముందర అందరూ కూర్చుని త్రిశరణ పంచశీలాలు చెప్పుకోవాల. పోయినాయన ఫోటో ఉంటే పక్కన పెట్టుకోండి, తప్పేమీ లేదు. ఫోటోకు నైవేద్యం మాత్రం వద్దు. ఫోటో తినదు. తర్వాత ఆయన గురించి మాట్లాడాల. ఇది అన్నిటికంటే పెద్ద పని, అందరూ దాటేసే పని కూడా ఇదే. మంచే కాదు, తాగేవాడైతే తాగేవాడని చెప్పుకోవాల, కొట్టేవాడైతే కొట్టేవాడని చెప్పుకోవాల. రనడే సభలో బాబాసాహెబ్ చేసింది అదే గదా. పిల్లలకు అబద్ధపు తాత ఎందుకు? ఆ తర్వాత ఆయన పేరు మీద ఎవరికైనా ఒక పని. పైసలే కావాలని లేదు. ఆసుపత్రికి తోడు పోవడం దానమే, రక్తం ఇవ్వడం దానమే, పింఛను కాగితం రాసి ఇవ్వడం దానమే. అప్పు చేసి మాత్రం ఏదీ చేయొద్దు. అప్పు చేసి చేసేది ఏదైనా మళ్లీ దినమే.

కేకు సంగతి అడుగుతారు. కేకు పాపమూ కాదు, ధమ్మమూ కాదు. పిల్లలకు పంచితే పిల్లలు తింటారు. ఈ కేకు నా కొడుకుకు చేరుతుంది అనుకుంటే అది పిండం. చేరదు అని తెలిసి, వానికి ఇష్టమైంది వీధి పిల్లలు తింటుంటే చూసుకుందాం అనుకుంటే అది మనసుకు ఒక ఓదార్పు. ధమ్మం ఓదార్పును వద్దని చెప్పదు. బాబాసాహెబ్ కూడా మనిషే. రమాబాయి 1935 మే 27న పోయింది. ఆ తర్వాత కొన్నేండ్లకు పాకిస్తాన్ సమస్య మీద అంత పెద్ద రాజకీయ గ్రంథం రాసి, దాన్ని ఆమెకు అంకితం ఇచ్చినాడు. ఆమె మంచి మనసు, ఆమె తనతో పాటు పడిన కష్టం తలుచుకుంటూ ఇచ్చినాడు. రాజకీయాలకూ ఆమెకూ ఏమి సంబంధం అని ఎవరైనా అడిగినారా?

పుట్టిన తేదీ తెలియనివాళ్లకు ఏమి చేయాలని మీరు అడగకముందే చెప్తాను. తేదీకి పవిత్రత ఏమీ లేదు. బుద్ధుని పుట్టినరోజు మనకు వైశాఖ పున్నమి, జపానువాళ్లకు ఏప్రిల్ 8. ఇంట్లో అందరూ కూడుకునే రోజు ఒకటి పెట్టుకోండి. మా నాయన కొర్రకోతలప్పుడు పుట్టినాడని మా మేనత్త ఒకసారి అనింది. అది పట్టుకుని అక్టోబర్ 14 అని మేమే నిర్ణయించుకున్నాం, ఆ రోజు ఎట్లా ఉన్నా దీక్షా దినమే గదా. ఆయన కబురు మోసుకుని నడిచిన పల్లెలు ఎన్నో నాకు తెలియదు. ఆ రోజు మా పిల్లలతో ఆ పల్లెల పేర్లు ఒక్కొక్కటి చెప్పిస్తాను, నేను మరిచిపోయినవి మా తమ్ముడు అందిస్తాడు. మా తమ్ముడు ఇప్పటికీ తిథి చూసుకుని దినం పెడతాడు. ఆ పొద్దు నేను వాళ్లింటికి పోతాను. కాకికి పెట్టేదాకా బయట అరుగు మీద కూర్చుంటాను, తర్వాత లోపలికి పోయి అందరితో పాటు అన్నం తింటాను. అది తప్పు అనే ఉపాసకులు మనలో ఉన్నారు. ఆరో ప్రతిజ్ఞ పిండం పెట్టవద్దనింది గానీ తమ్మునితో కూర్చుని తినవద్దని అనలేదు.

ఆ తల్లి దగ్గరికి మళ్లీ పోయినాను. జూన్ నెల, బడులు తెరిచిన వారమే వాళ్ల పిల్లవాని పుట్టినరోజు. ఉత్త చేతులతో పోకుండా పక్క వీధి వాళ్లను నలుగురిని వెంటబెట్టుకుని పోయినాను. వాళ్లలో ఇద్దరు, పిల్లలను పోగొట్టుకున్నవాళ్లే. పంచశీలాలు చెప్పుకున్నాం. ఆ పిల్లవాడు ఎనిమిదో తరగతిలో బడి ఎందుకు మానినాడో ఆమె చెప్పింది. లెక్కల నోటుపుస్తకం లేదని అయ్యవారు బయట నిలబెట్టినాడంట, నిలబడలేక ఇంటికి వచ్చేసినాడంట, ఆ రోజు నూరు రూపాయలు ఉండి ఉంటే పోయేవాడేమో అనింది. తర్వాత లోపలికి పోయి ఆరు లెక్కల నోటుపుస్తకాలు, ఒక కాంపాస్ బాక్సు తెచ్చి, ఆ వీధిలో ఎనిమిదో తరగతికి వచ్చిన ఒక ఆడపిల్లను పిలిచి ఇచ్చింది. అట్ట మీద పేరు రాసుకోమంటే ఆ పిల్ల తన పేరు రాసి, అక్కా, అన్న పేరు కూడా రాయనా అని అడిగింది.

కేకు కూడా ఉండింది. నేను తిన్నాను.

మేము లేచేటప్పుడు ఆమె ఆధార్ కార్డు ఒకటి తెచ్చి చూపించింది. ఆమె మొగుని కార్డు, ఆయన పోయి చాలా కాలమయింది. పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది. "ఇది నిజం కాదన్నా. మా అత్త ఉన్నింటే అడిగిందును" అనింది. వాళ్ల అత్త చెల్లెలు కోసిగిలో ఉందంట, ముసలామె, చెవులు వినపడవు. పోయి అడిగి రమ్మని, ఛార్జీలకు తలా ఇంత వేసుకుని ఇచ్చి వచ్చినాం.

నమో బుద్ధాయ. జై భీమ్.